రాత్రి డ్యూటీ వేస్తున్నది అమెరికా కాదు... మన ఇల్లే!

“ఏరా, ఇంట్లోనే ఉన్నావుగా! ఓసారి తిరువూరు వెళ్లి నాన్న మందులు తెచ్చిపెట్టు.”

“అమ్మాయ్, ఆ లాప్‌టాప్ కాసేపు పక్కనపెట్టి చుట్టాలకు టీ పెట్టమ్మా. నీది ఎలాగూ ఇంట్లో పనేగా!”

ఇలాంటి మాటలు వినిపించని ఇల్లు అరుదు. వీటిలో కోపం లేదు, దురుద్దేశం అసలే లేదు. కానీ ఇంటి నుంచి సొంతంగా పనిచేసుకునే మీ అబ్బాయి, అమ్మాయి, కోడలు, అల్లుడి నిద్రను, దాంతోపాటు ఆరోగ్యాన్ని, సంపాదనను తినేస్తున్నవి ఎక్కువగా ఈ మాటలేనని నా అభిప్రాయం. అదెలాగో చెప్పడానికి ఒక వృత్తిని ఉదాహరణగా తీసుకుంటాను. అది ఫ్రీలాన్స్ టెక్నికల్ రైటింగ్. మీ ఇంట్లో ఉన్నది డిజైనరైనా, అనువాదకురాలైనా, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవారైనా కథ దాదాపు ఇదే.

ఏం రాస్తారు వీళ్లు?

కొత్త కుక్కర్ కొంటే డబ్బాలో చిన్న పుస్తకం వస్తుంది. బీపీ మెషీన్‌తో పాటు పట్టీని చేతికి ఎక్కడ, ఎంత బిగుతుగా చుట్టాలో చెప్పే కాగితం వస్తుంది. ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరిచి సాయం అడిగితే ముందు ఇది నొక్కండి, తర్వాత అది నొక్కండి అంటూ వరుసగా చెబుతుంది. ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని రాసినవే. ఇంజినీరుకు తెలిసిన సంగతిని మామూలు మనిషి తప్పు లేకుండా చేసుకోగలిగేలా రాసిపెట్టేవారే టెక్నికల్ రైటర్లు. ఒక కంపెనీలో జీతానికి కాకుండా, పనికింతని, గంటకింతని, మాటకింతని మాట్లాడుకుని నలుగురికీ రాసిపెట్టేవారు ఫ్రీలాన్సర్లు. వీరిలో చాలామంది రాసేది సాఫ్ట్‌వేర్ గురించి. డబ్బులిచ్చే క్లయింట్లు అమెరికాలోనో, యూరప్‌లోనో ఉంటారు.

ఈ పని విలువ వైద్యులకు బాగా తెలుసు. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద, మొత్తం పొడిని ఒక లీటరు నీటిలో కలపాలని రాసి ఉంటుంది. ఆ ‘లీటరు’ బదులు పొరపాటున ‘గ్లాసు’ అని పడిందనుకోండి. విరేచనాలతో నీరసించిన పసిబిడ్డ ఒంట్లోకి ఉప్పు మోతాదు మించి వెళ్లి, కాపాడాల్సిన మందే ప్రాణం మీదికి తెస్తుంది. ఒక్క మాట తేడా! సాఫ్ట్‌వేర్ సూచనల్లో తప్పు పడితే ప్రాణాలు పోకపోవచ్చు. ఎవరి డబ్బో తప్పు ఖాతాకు పోవచ్చు, ఒక కంపెనీ పని ఆగిపోవచ్చు, ఆ రాసినవారికి మళ్లీ పని దొరక్కపోవచ్చు. కాబట్టి ఈ వృత్తికి పెట్టుబడి లాప్‌టాప్ ఒక్కటే కాదు. తేటగా ఉన్న బుర్ర కూడా కావాలి. ఆ తేటదనం నిద్ర నుంచే వస్తుంది.

మేడ మీది గదిలో ఆఫీసు

ఒకప్పుడు ఇలాంటి పని కావాలంటే హైదరాబాదో, బెంగళూరో వెళ్లాల్సిందే. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది మొదలు మన పల్లెల పిల్లలు ఆ దారే పట్టారు. 2020 లాక్‌డౌన్‌లో చాలామంది లాప్‌టాప్‌లతో సహా సొంతూళ్లకు వచ్చేశారు. కొందరు అక్కడే ఉండిపోయి ఫ్రీలాన్సర్లుగా మారారు. ఇవాళ ఎన్టీఆర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న గంపలగూడెంలో కూర్చుని కూడా అమెరికా కంపెనీకి రాసిపెట్టవచ్చు. ఒకవైపు మామిడి తోటలు, ఇంకోవైపు పత్తి, మిర్చి చేలు. మధ్యలో మేడ మీది గదిలో ఒక నెట్ కనెక్షను, ఒక ఇన్వర్టరు ఉంటే ఆఫీసు సిద్ధం.

ప్రభుత్వం కూడా దీన్నే కోరుకుంటోంది. ఇంటి నుంచి పనిచేసే అవకాశాలను, ముఖ్యంగా మహిళల కోసం, పెద్ద ఎత్తున పెంచుతామని 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రకటించారు. మంచి మాటే. నగరంలో అద్దె తప్పుతుంది, అమ్మానాన్నల దగ్గర ఉండొచ్చు, సంపాదన ఊళ్లో ఖర్చవుతుంది. అయితే నెట్ వచ్చినంత వేగంగా మన ఇంటి అలవాట్లు మారలేదు. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి వెళ్తేనే ఉద్యోగం అనే లెక్క ఇంకా మనలో ఉంది. పెళ్లిచూపుల్లో “అబ్బాయి ఏం చేస్తుంటాడు?” అంటే “ఇంట్లోనే ఉండి ఏదో కంప్యూటర్ పని చేస్తాడండి” అని కాస్త గొంతు తగ్గించి చెబుతాం. ఆ తగ్గిన గొంతు పక్క గదిలో ఉన్న అబ్బాయికి వినిపిస్తుంది. తానూ ఉద్యోగమే చేస్తున్నానని నిరూపించుకోవడానికి అతడు ఇంకో రెండు పనులు ఎక్కువ ఒప్పుకుంటాడు.

పగలు ఇంటికి, రాత్రి క్లయింటుకు

ఇప్పుడు అతడి రోజు చూడండి. ఉదయం కరెంటు బిల్లు, సచివాలయంలో కాగితాలు. పది గంటలకు బ్యాంకు. మధ్యాహ్నం గ్యాస్ బండ, వచ్చిన చుట్టాలు. సాయంత్రం పిల్లల్ని స్కూలు నుంచి తేవడం. మామిడి కోతల రోజుల్లో తోట దగ్గర మనిషి కావాలి, ఆవకాయ రోజుల్లో ఇంట్లో మనిషి కావాలి. మధ్యమధ్యలో లాప్‌టాప్ తెరుస్తాడు. రెండు వాక్యాలు రాస్తాడు, మళ్లీ పిలుపు వస్తుంది. రాత్రి పదిన్నరకు టీవీ ఆగి ఇల్లు సద్దుమణిగాక అసలు పని మొదలవుతుంది. రెండింటి వరకో, మూడింటి వరకో సాగుతుంది. తెల్లవారి ఆరింటికి మిక్సీ చప్పుడు, వెంటనే “పొద్దెక్కింది, ఇంకా లేవలేదా?” అన్న మాట.

“అమెరికా వాళ్ల పని కదండీ, రాత్రి మేలుకోక తప్పదు” అంటారు చాలామంది. లెక్క వేసి చూద్దాం. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే మనకు అక్కడి వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. అంటే మన రాత్రి భోజనం వేళలోపే ఆ క్లయింటుతో మాట్లాడేయొచ్చు. లండన్‌లో ఉదయం 9 అంటే మనకు మధ్యాహ్నం 1.30 లేదా 2.30. కాస్త ఇబ్బంది కాలిఫోర్నియాతోనే. అక్కడ ఉదయం 9 అయ్యేసరికి మనకు రాత్రి 9.30 లేదా 10.30 అవుతుంది. దానికీ దారి ఉంది. మన ఉదయం 6.30కు వాళ్లకు వేసవిలో ముందురోజు సాయంత్రం 6, చలికాలంలో 5. పొద్దున్నే లేచి మాట్లాడితే సరిపోతుంది.

పైగా ఇది కాల్ సెంటర్ ఉద్యోగం కాదు. అవతలివారు ఫోన్ చేసినప్పుడే జవాబు చెప్పాల్సిన అవసరం లేదు. ఇంజినీరును ప్రశ్నలు అడగడానికి మాత్రమే ఇద్దరూ ఒకేసారి మేలుకుని ఉండాలి. అది వారానికి కొన్ని గంటలు. మిగిలినదంతా చదవడం, రాయడం, సరిచూసుకోవడం. అది క్లయింటు నిద్రపోతున్నప్పుడు చేసుకోదగిన పనే. మనం పగలు రాసి సాయంత్రం పంపిస్తే వాళ్లు నిద్ర లేచేసరికి పని సిద్ధంగా ఉంటుంది. సమయం తేడా ఈ వృత్తికి ఒక వరం. కొత్త సాఫ్ట్‌వేర్ విడుదలయ్యే ముందు ఒకటి రెండు రాత్రులు మేలుకోవాల్సి రావచ్చు, కొందరు క్లయింట్లు మొండిగానూ ఉండొచ్చు. కానీ ఏడాది పొడవునా రాత్రి రెండింటి దాకా కూర్చోబెడుతున్నది వాళ్లు కాదు. పగలు నాలుగు గంటలు ప్రశాంతంగా ఇవ్వలేకపోతున్న మన ఇల్లు.

నిద్ర చాలని బుర్ర ఎలా పనిచేస్తుంది?

1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక పోలిక చూపించారు. వరుసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుతో సమానంగా ఉందని తేల్చారు. మన దేశంలో వాహనం నడిపేవారి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్, అంటే 0.03 శాతం దాటితేనే కేసు పెడతారు. ఉదయం ఆరింటికి లేచినవారికి రాత్రి 11 గంటలకు 17 గంటలు నిండుతాయి. ఆ వేళకు స్టీరింగ్ పట్టుకోవడమే క్షేమం కాదంటుంటే, ఆ బుర్రతోనే మనవాళ్లు వేరే దేశపు కంపెనీకి అంకెలు తప్పకుండా సూచనలు రాయడం మొదలుపెడుతున్నారు.

“నాకు అలవాటైపోయింది డాక్టర్‌గారూ, ఐదారు గంటలు చాలు” అనేవారూ ఉన్నారు. 2003లో అమెరికాలో జరిగిన అధ్యయనం దీనికి జవాబు చెప్పింది. వరుసగా 14 రోజులు రాత్రికి ఆరు గంటలే పడుకున్నవారి ఏకాగ్రత, జ్ఞాపకం ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే లేనివారి స్థాయికి పడిపోయాయి. భయపెట్టే విషయం ఇంకొకటి ఉంది. తమ పనితీరు అంతగా తగ్గిపోయిందన్న సంగతి వాళ్లకే సరిగ్గా తెలియలేదు. అలవాటయ్యేది నిద్రలేమి కాదు, మన తప్పులు మనకు కనిపించకపోవడం. టెక్నికల్ రైటర్‌కు ఇంతకన్నా పెద్ద నష్టం ఏముంటుంది? అర్ధరాత్రి రాసిన పేజీని క్లయింటు తిప్పి పంపితే మళ్లీ రాయాలి. దానికి డబ్బులుండవు. ఎక్కువ గంటలు కూర్చుంటే ఎక్కువ సంపాదన అనే లెక్క ఇక్కడే తప్పుతుంది.

శరీరం లెక్క వేరే ఉంది

మెడ పట్టేసిందని, కడుపులో మంటని, కళ్లు పొడిబారాయని, నిద్ర పట్టడం లేదని ఓపీకి వచ్చే ముప్పయ్యేళ్లవారిని మీరేం చేస్తారని అడిగితే, “ఇంటి నుంచే పనండీ” అనే జవాబు ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. ఇవి పైకి కనిపించేవి. లోపల జరిగేది ఇంకా ముఖ్యం.

మన ఒంట్లో ప్రతి కణానికీ ఒక గడియారం ఉంటుంది. ఆ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి దక్కింది. రాత్రి పొద్దుపోయాక ఇన్సులిన్ చురుకుగా పనిచేయదు. అందుకే అదే అన్నం, అదే మిక్చర్ రాత్రి ఒంటిగంటకు తింటే పగటికన్నా షుగర్ ఎక్కువ పెరుగుతుంది. ఏళ్ల తరబడి రాత్రి షిఫ్టులు చేయడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్‌కు బహుశా కారణం కాగల వాటి జాబితాలో 2007లోనే చేర్చి, 2019లో మళ్లీ సమీక్షించి అక్కడే ఉంచింది. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారికి 35 నుంచి 40 గంటలు చేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి.

ఇవన్నీ మనకు మరింత వర్తిస్తాయి. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం, మరో 13 కోట్ల 60 లక్షల మందికి దాని ముందు దశ ఉన్నాయని ఐసీఎంఆర్ తోడ్పాటుతో జరిగిన భారీ అధ్యయనం 2023లో వెల్లడించింది. అమ్మకో, నాన్నకో షుగర్ ఉన్న ఇంట్లో, రోజంతా కుర్చీలో కూర్చుని, రాత్రంతా టీలతో మేలుకునే ముప్పయ్యేళ్ల మనిషికి ఆ జబ్బు పదేళ్లు ముందే రావచ్చు.

కోడలి సంగతి

ఇదే పని ఆడవారు చేస్తుంటే భారం రెట్టింపు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే ఆడవారు జీతం లేని ఆ చాకిరీకి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పనులు చేసే మగవారు 88 నిమిషాలే వెచ్చిస్తున్నారు. దాదాపు ఐదు గంటలు వంటింటికి పోయాక, పిల్లల హోంవర్క్ అయ్యాక, ఆమె లాప్‌టాప్ తెరిచేది రాత్రి పదకొండుకే. మర్నాడు ఐదున్నరకు మళ్లీ పొయ్యి దగ్గర ఉండాలి. నెలసరి క్రమం తప్పడం, తలనొప్పి, చిరాకు, బరువు పెరగడం... ఒక్కోదానికి ఒక్కో మాత్ర అడుగుతారు. రక్తహీనత, థైరాయిడ్ లాంటివి ఉన్నాయేమో మేం తప్పకుండా చూస్తాం. కానీ మాత్రలతో తీరనిది ఒకటుంది, నిద్ర. ఆమె సంపాదన ఇంటికి కావాలనుకున్నప్పుడు ఆమె పనివేళలూ ఇంటివే కావాలి.

గోడ మీద డ్యూటీ చార్టు

ఆస్పత్రిలో రాత్రీపగలూ పని ఉంటుంది. అయినా నడుస్తుందంటే గోడ మీద డ్యూటీ చార్టు ఉంటుంది కాబట్టి. రాత్రి డ్యూటీ చేసిన నర్సు పొద్దున్న వచ్చినవారికి వార్డు అప్పగించి వెళ్లి పడుకుంటుంది. ఆమెను మధ్యాహ్నం పిలిచి ఇంజెక్షన్ చేయమని ఎవరూ అడగరు. మీ ఇంట్లోనూ అలాంటి చార్టు ఒకటి పెట్టండి. తమాషాకు కాదు, వైద్య సలహాగానే చెబుతున్నాను.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది:

పగలు కనీసం నాలుగు గంటలు, ఉదమయం 9 నుంచి 1 వరకు అనుకోండి, అది డ్యూటీ సమయం. ఆ వేళల్లో అతడు విజయవాడలో ఆఫీసులో ఉన్నట్టే లెక్క. విజయవాడకు ఫోన్ చేసి రప్పించేంత అవసరమైతేనే తలుపు తట్టండి. ఒంట్లో బాగాలేకపోతే తట్టండి, గ్యాస్ బండకు తట్టకండి.

బయటి పనులు గుర్తొచ్చినప్పుడల్లా చెప్పకుండా ఒక కాగితం మీద రాసిపెట్టండి. మధ్యాహ్నం తర్వాత అన్నీ ఒకేసారి చేసుకొస్తారు.

వేరే గది లేకపోతే హాల్లో ఒక మూల, ఒక బల్ల, ఒక పరదా చాలు. ఆ నాలుగు గంటలు టీవీ కట్టేస్తే ఇంకా మేలు.

తప్పనిసరై ఒక రాత్రి మేలుకుంటే మర్నాడు ఉదయం లేపకండి. గది చీకటిగా, చల్లగా ఉంచండి.

పని చేసేవారు చేయాల్సింది:

ఒప్పుకునే ముందే మీరు ఏ వేళల్లో మాట్లాడగలరో, ఏ వేళల్లో కుదరదో క్లయింటుకు రాసి పంపండి. అమెరికాలో మార్చిలో, నవంబరులో గడియారాలు మారుతాయి కాబట్టి ఏడాదికి రెండుసార్లు సరిచూసుకోండి. గడువు చెప్పేటప్పుడు ఒక రోజు చేతిలో ఉంచుకోండి. జ్వరం చెప్పి రాదు.

కొత్తగా రాసే కష్టమైన పని ఉదయం పెట్టుకోండి. బిల్లులు, మెయిళ్లు సాయంత్రానికి వదలండి. రాసినదాన్ని చివరిసారి సరిచూడటం మాత్రం ఒక నిద్ర తర్వాతే చేయండి. రాత్రి కనిపించని తప్పు పొద్దున కనిపిస్తుంది.

రోజూ ఏడు గంటల నిద్ర, అదీ ఒకే వేళకు. టీ, కాఫీల్లోని కెఫీన్ సగం తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగు దాటాక అవి వద్దు.

లాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి తెరను కళ్ల ఎత్తుకు తీసుకురండి. కీబోర్డు, మౌస్ విడిగా కొనుక్కోండి. మెడనొప్పి చాలావరకు అక్కడే తగ్గుతుంది. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి, రెప్పలు బాగా ఆడించండి. అరగంటకోసారి లేచి నిలబడండి. వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున వేగంగా నడవండి. ఊళ్లో ఉన్న సుఖం ఇదే, నడవడానికి పార్కు వెతుక్కోనక్కర్లేదు.

సెలవిచ్చే మేనేజర్ ఉండరు

కంపెనీ ఉద్యోగికి సిక్ లీవు, పీఎఫ్, కంపెనీ ఆరోగ్య బీమా ఉంటాయి. ఫ్రీలాన్సర్‌కు ఇవేమీ తమంతట తాము రావు. మంచం పట్టిన రోజు సంపాదన సున్నా. కాబట్టి కుటుంబం మొత్తానికీ ఆరోగ్య బీమా ఉండాలి. జబ్బు బయటపడక ముందే తీసుకోవాలి. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా తీసేశారు కనుక భారం కొంత తగ్గింది. మూడు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచుకోండి. చేతిలో ఆ డబ్బుంటే గొడ్డుచాకిరీ చేయించే క్లయింటుకు కుదరదని చెప్పే ధైర్యం వస్తుంది. ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ఏడాదికోసారి చేయించుకోండి.

మనసు సంగతి కూడా చెప్పాలి. కృత్రిమ మేధ వచ్చాక ఈ వృత్తిలో పని ఉంటుందో ఉండదో అనే భయం పెరిగింది. 1953 నుంచి చరిత్ర ఉన్న, మన దేశంలోనూ సభ్యులున్న ‘సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్’ అప్పులపాలై 2025 జనవరిలో మూతపడింది. తోటివారితో కలిసే చోట్లు తగ్గిపోయి, మేడ మీది గదిలో ఒక్కరే కూర్చునేవారికి దిగులు త్వరగా కమ్ముకుంటుంది. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోయినా, నిద్ర, ఆకలి చెడినా వైద్యుడికి చెప్పండి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

పెద్దలకు ఒక మాట. పిల్లలు ఊళ్లోనే ఉండి సంపాదించాలని మనమే కోరుకున్నాం. ఉన్నారు. వాళ్లు మీ కళ్లముందే ముప్పై ఐదేళ్లకే బీపీ మాత్రలు మింగకూడదనుకుంటే ఈ ఆదివారం అందరూ కూర్చుని ఆ నాలుగు గంటలు ఏవో తేల్చుకోండి. సోమవారం నుంచి అమలు చేయండి. ఒక నెల తర్వాత వాళ్లు ఎన్నింటికి పడుకుంటున్నారో, తిరిగొచ్చిన పనులు ఎన్ని తగ్గాయో మీరే లెక్క చూసుకోండి.